మూలబడిన ల్యాప్‌టాపు

నాగలి కఱ్ఱు అరిగిపోయినచో రైతు నాగలిని పొయ్యిలో పెట్టుకొనడు. కమ్మరి కొలిమికి పోయి, కఱ్ఱును సాగగొట్టించుకొని వచ్చి, మరల దుక్కి దున్నుకొనును. బండిచక్రపు పట్టా సడలినచో పట్టాను బిగింపించుకొనునే గాని బండిని అమ్మివేయడు. పనిముట్టులో ఏ భాగము చెడినదో, ఏ భాగము చెక్కుచెదరక యున్నదో అతనికి తెలియును. ఆ తెలివియే అతని ధనమును కాపాడును. నేడు మన యిండ్లలోనికి వచ్చిన క్రొత్త పనిముట్ల విషయమున మాత్రము మనకు ఈ వివేకము చాలదు. అవి మూతలు బిగించిన పెట్టెలు. లోపల నేమున్నదో మనము చూడము. కావుననే అవి కొంచెము మందగించినంతనే పాతబడినవని తలచి మూలకు నెట్టుచున్నాము. అట్లు మూలబడబోయిన యొక ల్యాప్‌టాపు కథ యిది.

మా సోదరి యిల్లు తెనాలిలో నున్నది. ఆమె మామగారు తెలుగు పండితులుగా పనిచేసి విశ్రాంతి తీసికొన్నవారు. ఉద్యోగము ముగిసిన పిదప వారు ఊరూరు తిరిగి, వృద్ధులను కలిసికొని, వారి నోట వెలువడు సామెతలను సేకరింప నారంభించిరి. 2017వ సంవత్సరమున కుమారుడు కొనియిచ్చిన తక్కువ వెల ల్యాప్‌టాపులో వానినన్నిటిని తామే యొక్కొక్క యక్షరముగ ఎక్కించుచు వచ్చిరి. ఎనిమిదేండ్లలో నాలుగువేల సామెతలు చేరినవి. ప్రతి సామెత క్రిందను దానిని ఏ గ్రామమున వినిరో, ఏ సందర్భమున వాడుదురో వివరించి యుండిరి. చెప్పిన వృద్ధులలో పలువురు ఇప్పుడు లేరు. ఈ సంపద యంతయు ఆ పెట్టెలో తప్ప మరియొకచోట లేదు.

2025వ సంవత్సరము డిసెంబరులో నేను సెలవులకు తెనాలి వెళ్లితిని. అప్పటికి ఆ ల్యాప్‌టాపు మేలుకొనుటకే ఆరు నిముషములు పట్టుచుండెను. మీట నొక్కి, కాఫీ త్రాగి, పత్రిక చదివి వచ్చినను తెరపైని చక్రము తిరుగుచునే యుండెను. నా మేనకోడలు ఆ యేడు డిగ్రీ తరగతిలో చేరినది. ఆమె చదువునకును ఆ యంత్రమే యాధారము. బజారులోని యొక దుకాణమునకు చూపగా, "దీని ఆయువు తీరినది. పారవేసి క్రొత్తది కొనుడు" అని చెప్పిరట. మా బావగారు అప్పు తెచ్చుటకు సిద్ధపడుచుండిరి.

పండితులవారు నన్ను పిలిచి, "నాయనా! ఇంట ఎలుకలున్నవని ఇంటికి నిప్పు పెట్టుకొందుమా? ఎలుక ఏ మూలనున్నదో ముందు చూడు" అనిరి.

నేను మేనకోడలిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని యంత్రమును తెరచితిని. ఏ భాగమెంత శ్రమపడుచున్నదో చూపు పట్టిక యొకటి యందే గలదు. దానిని టాస్క్ మేనేజరు అందురు. లెక్కలు చేయు ప్రాసెసరు నూటికి పండ్రెండు పాళ్లు మాత్రమే పనిచేయుచుండెను. ర్యాము నూటికి తొంబది రెండు పాళ్లు నిండియుండెను. డిస్కు మాత్రము నూటికి నూరు పాళ్లును ఊపిరాడక కొట్టుకొనుచుండెను.

"మామయ్యా! ఇందులో దోషి యెవరు?" అని ఆమె అడిగెను.

"మీ యమ్మ వంటయింటిని తలచుకొనుము," అంటిని. "వంట చేయు చేతులు ప్రాసెసరు. పొయ్యి ప్రక్కనున్న గట్టు ర్యాము. ఇంటి వెనుకనున్న కొట్టుగది డిస్కు. బియ్యము, పప్పు, చింతపండు, అన్నియు కొట్టుగదిలో నిలువయుండును. వంటకు కావలసినవి మాత్రము గట్టుపైకి వచ్చును. గట్టు ఇరుకైనచో నేమగును? కూరల బుట్ట పెట్టుటకై పప్పుడబ్బాను కొట్టుగదిలో పెట్టి రావలెను. మరల పప్పు కావలసినప్పుడు బుట్టను తీసి డబ్బాను తేవలెను. చేతులు చురుకైనవే. కాని కాలమంతయు నడకకే సరిపోవును. ఈ యంత్రమున గట్టు ఇరుకు, కొట్టుగది బహుదూరము. చేతుల దోషమేమియు లేదు."

కొట్టుగది దూరమనుట వట్టి పోలిక కాదు. పాత పద్ధతి హార్డ్ డిస్కులో అయస్కాంతపు పూత గల పళ్లెములు తిరుగుచుండును. వానిపై నొక సన్నని చేయి కదలుచు అక్షరములను చదువును. తక్కువ వెల ల్యాప్‌టాపులలోని డిస్కులు సాధారణముగ నిముషమునకు 5,400 మారులు, అనగా సెకనునకు 90 మారులు తిరుగును. చేయి సరియైన వలయమునకు చేరుటకును, కావలసిన చోటు తిరిగి తిరిగి దానిక్రిందికి వచ్చుటకును, కలిపి సెకనులో వేయి వంతులు చేసినచో ఇంచుమించు పదునారు వంతుల కాలము పట్టును. ఇది అతిస్వల్పమని తోచవచ్చును. కాని ఈ లెక్కన చెదరియున్న తునుకలను సెకనునకు అరువదింటిని మాత్రమే తేగలదు. యంత్రము మేలుకొనునప్పుడు చదువవలసిన చిన్న చిన్న తునుకలు వేలకొలది యుండును. ఆలస్యమునకు మూల మిదియే.

హార్డ్ డిస్కును చిన్నచూపు చూడరాదు. ఐ.బి.ఎం. సంస్థ 1956వ సంవత్సరమున లోకమున కందించిన తొలి హార్డ్ డిస్కు యంత్రము టన్నునకు మించిన బరువు గలది. రెండడుగుల వ్యాసము గల 50 పళ్లెములు అందు తిరుగుచుండెను. అంత యంత్రమును 50 లక్షల అక్షరములను మాత్రమే దాచగలిగెను. నేడు అరచేతిలో పట్టు డిస్కులో దానికి లక్షల రెట్లు నిలువచేయుచున్నాము. అయినను పళ్లెము తిరుగవలెను, చేయి కదలవలెను. కదలిక యున్నచోట ఆలస్యమును అరుగుదలయు తప్పవు.

ఎస్.ఎస్.డి. అను క్రొత్త నిలువ సాధనమున కదలు భాగమే లేదు. అందలి చిప్పులలో కోట్లకొలది సూక్ష్మమైన గదులు గలవు. విద్యుత్తును పోనీయని గోడల నడుమ ఎలక్ట్రానులను బంధించి, ఆ గదులు సమాచారమును దాచును. కరెంటు తీసివేసినను బందీలు బయటికి రావు గనుక దాచినది దాచినట్లే యుండును. ఫ్లాష్ మెమరీ అను ఈ విధానమును జపానులోని తోషిబా సంస్థయందు పనిచేసిన ఫుజియో మసుఒకా 1984వ సంవత్సరమున ప్రకటించెను. ఇందులో నొక తునుకను వెదకి తెచ్చుటకు సెకనులో పదివేలవ వంతు కాలము చాలును. కొట్టుగదియే గట్టు ప్రక్కకు నడచివచ్చిన ట్లగును.

ర్యాము స్వభావము వేరు. అందలి ప్రతి గదియు విద్యుదావేశమును నింపుకొను చిన్న పాత్ర. నిండియున్న నొకటి, లేకున్న సున్న. కాని ఆ పాత్ర చిల్లికుండ వంటిది. అందలి యావేశము నిరంతరము కారిపోవుచునే యుండును. కావున యంత్రము సెకనునకు పదునైదు మారులకు పైగా ప్రతి పాత్రను చదివి మరల నింపుచుండును. కరెంటు పోయినంతనే అన్నియు ఖాళీయగును. వ్రాసినదానిని నిలువచేయకమునుపే యంత్రము ఆగిపోయినచో మన శ్రమ వృథాయగుటకు కారణ మిదియే. ఒక్కొక్క గదికి ఒక్క ట్రాన్సిస్టరు, ఒక్క కెపాసిటరు చాలునను ఊహ 1966వ సంవత్సరమున ఐ.బి.ఎం. సంస్థకు చెందిన రాబర్ట్ డెనార్డుకు తోచెను. 1968లో దానికి పేటెంటు లభించెను. చవుకైన ర్యామునకు ఆ యూహయే పునాది.

దోషి దొరకినంత మాత్రమున దుకాణమునకు పరుగెత్తరాదు. చెప్పు కొనుటకు ముందు పాదము కొలువవలెను. యంత్రపు అడుగున వ్రాసియున్న నమూనా సంఖ్యను గుర్తించి, దాని వివరపుస్తకమును చదివితిమి. మా యంత్రమున 4 జి.బి. ర్యాము మూలఫలకమునకు అతికింపబడియున్నదనియు, దానికి తోడు మరియొక ర్యాము పలకకు చోటు ఖాళీగా నున్నదనియు తెలిసెను. ఆ చోట డి.డి.ఆర్.4 తరగతి పలకయే పట్టును. ల్యాప్‌టాపులలో వాడు ఈ పలక సుమారు ఏడు సెంటీమీటర్ల పొడవుండును. దాని అంచున 260 బంగారుపూత గీతలు గలవు. ముందు తరమునకు చెందిన డి.డి.ఆర్.3 పలకకు గీతలు 204 మాత్రమే. ఒక తరపు పలక మరియొక తరపు యంత్రమున పొరపాటున నైనను దూరకుండుటకై అంచున నున్న గంటును వేర్వేరు చోట్ల నుంచిరి. బలవంతముగ దూర్చినచో రెండును చెడును.

డిస్కు విషయమునను అంతే జాగ్రత్త కావలెను. కొన్ని యంత్రములలో రెండున్నర అంగుళముల డిస్కుపెట్టె యుండును. కొన్నిటిలో 22 మిల్లీమీటర్ల వెడల్పును 80 మిల్లీమీటర్ల పొడవును గల ఎం.2 అను సన్నని పలకకు చోటుండును. ఎం.2 పలకలలోను సాటా యనియు, ఎన్.వి.ఎం.ఇ. యనియు రెండు భాషలు మాటలాడునవి గలవు. ఒక భాష నెరిగిన చోట రెండవది పనిచేయదు. మా యంత్రమున నుండునది రెండున్నర అంగుళముల సాటా పెట్టె. కొన్ని తక్కువ వెల ల్యాప్‌టాపులలో ర్యామును, నిలువ చిప్పును గూడ మూలఫలకమునకే అతికింతురు. వానిని మార్చుటకు వీలుండదు. ఈ సంగతి కొనునాడే విచారించుట మేలు.

మేము 8 జి.బి. ర్యాము పలకను, 500 జి.బి. ఎస్.ఎస్.డి.ని కొంటిమి. రెంటి వెలయు కలిపి క్రొత్త ల్యాప్‌టాపు వెలలో మూడవ వంతునకు లోపే యయ్యెను.

సామగ్రి ఇంటికి చేరగానే నా మేనకోడలు స్క్రూడ్రైవరు చేతబట్టినది. పండితులవారు వారించి, "ఆగుమమ్మా! చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనిన నేమి లాభము? నా సామెతలను ముందు వేరొకచోటికి చేర్పుము" అనిరి.

ఆ మాటయే మమ్ము రక్షించెను. సామెతలున్న ఫైళ్లను పెన్ డ్రైవు లోనికి ఎత్తుచుండగా డిస్కునుండి టిక్కు టిక్కుమను సన్నని చప్పుడు వినవచ్చెను. కొన్ని ఫైళ్లు మొదటిమారు చదువబడక, రెండవమారో మూడవమారో గాని రాలేదు. ఆ చప్పుడు డిస్కునకు చావుకబురు వంటిది. పళ్లెములపై నున్న చేయి దారితప్పి తడుముకొనుచున్నదని దాని యర్థము. మూడు గంటలసేపు పండితులవారు తెరపై నుండి చూపు మరల్చలేదు. తుదకు అన్నియు వచ్చినవి. ఒక ప్రతి పెన్ డ్రైవులోను, ఒక ప్రతి నా ల్యాప్‌టాపులోను, మరియొకటి వేరే యూరనున్న మా బావగారి తమ్మునియొద్దను ఉంచితిమి. విలువైన దేదియైనను మూడు ప్రతులుగ నుండవలెను. అందొకటి ఇల్లు దాటి యుండవలెను. ఒక్క ప్రతి యున్నదనగా లేదనియే లెక్క.

పిమ్మట యంత్రమును విప్పితిమి. ముందుగా దానిని పూర్తిగ ఆపి, ఛార్జరు తీగను తీసివేసితిమి. బల్లపై నొక తెల్లకాగితము పరచి, యంత్రపు అడుగుభాగమును దానిపై గీసితిమి. ఏ మర ఏ చోటిదో ఆ గీతపై ఆ చోటనే పెట్టుచు వచ్చితిమి. మరలన్నియు ఒక్క పొడవున నుండవు. పొట్టి మర చోట పొడవు మరను బిగించినచో లోపలి ఫలకము చిట్లును. అంచులను ఇనుప పరికరముతో గాక, పాతబడిన ప్లాస్టిక్ కార్డుతో మెల్లగ వదులుచేసితిమి. మూత రాగానే మొదటిపనిగా బ్యాటరీ తీగకొసను ఊడదీసితిమి. బ్యాటరీ ఉబ్బియున్నచో దానిని తాకక, నొక్కక, నిపుణుని చేతికి అప్పగింపవలెను. అందు లిథియము గలదు. గ్రుచ్చుకొన్నచో మండును.

చిప్పులను ముట్టుటకు ముందు రంగు లేని లోహపు వస్తువు నొకదానిని తాకితిమి. మన దేహమున చేరు స్థిర విద్యుత్తు మనకు తెలియకుండగనే సున్నితమైన చిప్పులను కాల్చివేయగలదు. తరువాత పాత డిస్కును దాని చట్రముతో సహా వెలికి తీసి, ఆ చట్రమున ఎస్.ఎస్.డి.ని బిగించితిమి. ర్యాము పలకను ఏటవాలుగ దూర్చి, క్రిందికి నొక్కితిని. మూత బిగించి మీట నొక్కగా తెర నల్లగనే యుండెను. ఒక నిముషము గడచెను. రెండు గడచెను. వెలుగు రాలేదు. మా బావగారి ముఖము వెలవెలబోయెను. నా గుండె దడదడలాడెను.

నా మేనకోడలు మాత్రము బెదరలేదు. "మామయ్యా! పలక నొక్కినప్పుడు రెండు ప్రక్కల కొక్కెములును టక్కుమని పట్టవలెనని పుస్తకమున వ్రాసియున్నది. నాకు ఒక్క చప్పుడే వినబడినది" అనెను. మరల విప్పి చూడగా ఆమె చెప్పినదే నిజమయ్యెను. పలక యొక ప్రక్క నాలుగు గీతలు బయటికి కనబడుచుండెను. నేను తొందరలో సరిగా దూర్చలేదు. ఆమె తానే దానిని తీసి, గీతలు కనబడనంతవరకు దూర్చి, నొక్కెను. రెండు చప్పుళ్లును వినవచ్చినవి. ఈ మారు తెర కొంత తడవు నల్లగనుండి, పిదప వెలిగెను. క్రొత్త ర్యామును పరిచయము చేసికొనుటకు యంత్రమునకు మొదటిమారు కొంత కాలము పట్టును. అప్పుడు తొందరపడి ఆపరాదు.

ఇక యంత్రమును నడపు వ్యవస్థను ఎక్కింపవలెను. విండోస్ 10 వ్యవస్థకు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. ఈ యంత్రపు ప్రాసెసరు విండోస్ 11 అంగీకరించు జాబితాలో లేదు. ర్యామును ఎంత పెంచినను ఆ లోటు తీరదు. కావున ఉచితముగ లభించు లినక్స్ వ్యవస్థను పెన్ డ్రైవునుండి ఎక్కించితిమి. అందు తెలుగులో వ్రాయుటకు కావలసిన ఏర్పాటు లున్నవి. పండితులవారి ఫైళ్లు చక్కగా తెరువబడినవి. ఆరు నిముషములకు మేలుకొను యంత్రము అర నిముషములోపల మేలుకొనెను. పండితులవారు కాఫీగ్లాసును చేత బట్టుకొని, "ఇక నా కాఫీకి తీరిక యెక్కడిది?" అని నవ్విరి.

నాలుగు దినములైన పిమ్మట కుతూహలముకొలది ఆ పాత డిస్కును వేరొక యంత్రమునకు తగిల్చి చూచితిమి. అది తిరిగినది, చప్పుడు చేసినది, కాని యొక్క ఫైలునైనను చూపలేదు. అందరమును ఒక్క క్షణము మాటలాడలేదు. దుకాణమువారి మాట విని యంత్రమును మూలబెట్టియున్నచో, లేక ప్రతి తీయక ముందే విప్పియున్నచో, నాలుగువేల సామెతలును, అవి చెప్పినవారి జ్ఞాపకములును ఆ డిస్కుతోనే పోయి యుండెడివి.

అప్పుడు నా మేనకోడలు ఒక లెక్క వేసెను. కంప్యూటరు సాధారణముగ ఒక్కొక్క తెలుగు వర్ణచిహ్నమును నిలువచేయుటకు మూడు బైట్ల చోటు తీసికొనును. పండితులవారి గ్రంథమంతయు కలిపి సుమారు 36 లక్షల బైట్లు. ఫోనుతో తీసిన యొక్క ఛాయాచిత్రమునకు పట్టు చోటింతే! క్రొత్త ఎస్.ఎస్.డి.లో అట్టివి లక్షకు పైగా పట్టును. ఎనిమిదేండ్ల శ్రమ అంత చిన్న చోట నిమిడినది. వస్తువు ఆక్రమించు చోటునుబట్టి దాని విలువ నిర్ణయింపరాదు.

ప్రపంచమున 2022వ సంవత్సరమున పోగైన ఎలక్ట్రానికు చెత్త 6 కోట్ల 20 లక్షల టన్నులు. అందు సక్రమముగ సేకరించి శుద్ధిచేసినట్లు లెక్క తేలినది నాలుగవ వంతునకు లోపే. మిగిలిన దానిలోని సీసము, పాదరసము వంటి విషములు నేలను నీటిని చేరు ప్రమాదము గలదు. మన దేశమున ఈ చెత్తను గూర్చిన క్రొత్త నియమములు 2023 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినవి. చెడిన డిస్కును, బ్యాటరీని చెత్తకుండీలో వేయక, అనుమతి పొందిన సేకరణ కేంద్రములకు ఇయ్యవలెను. అంతకంటె మేలైన పని, పనికివచ్చు యంత్రమును చెత్తగా మార్చకుండుట.

అన్ని యంత్రములను బ్రతికింపలేము. మూలఫలకము కాలిపోయినచో, ఖర్చు ఫలితమును మించినచో, క్రొత్తది కొనుటయే వివేకము. కాని ఆ నిర్ణయము తెలిసికొని చేయవలెను గాని తెలియక చేయరాదు. విద్యార్థులు పెద్దల తోడు లేకుండ యంత్రములను విప్పరాదు. గ్యారంటీ కాలము గడువని వానిని అసలే విప్పరాదు.

ఆ ల్యాప్‌టాపు ఇప్పుడు పగలు మేనకోడలి చదువునకును, సాయంకాలము తాతగారి వ్రాతకును ఉపయోగపడుచున్నది. నేను ప్రయాణమై వచ్చునాడు పండితులవారు ఒక క్రొత్త పుటను తెరచి, "ర్యాము చిల్లికుండ, డిస్కు కొట్టుగది" అని వ్రాసి, దానిక్రింద గ్రామము పేరు తెనాలి యనియు, చెప్పినది తమ మనుమరాలనియు చేర్చిరి.

ప్రశ్నలు

1. ప్రాసెసరు, ర్యాము, డిస్కు అను మూడింటిని రచయిత వేనితో పోల్చెను? ఆ పోలికను వివరింపుడు.
2. హార్డ్ డిస్కు కంటె ఎస్.ఎస్.డి. త్వరగా పనిచేయుటకు కారణమేమి?
3. యంత్రమును విప్పుటకు ముందును, విప్పునప్పుడును తీసికొనవలసిన జాగ్రత్తలను వ్రాయుడు.
4. "ఒక్క ప్రతి యున్నదనగా లేదనియే లెక్క." ఈ మాట ఎట్లు నిజమయ్యెను?
5. మీ యింట మూలబడియున్న యొక పనిముట్టును గూర్చి, అందు చెడిన భాగమేదో పెద్దల నడిగి తెలిసికొని, పది వాక్యములు వ్రాయుడు.